అతి ఆలోచన, సమస్యా పరిష్కార లోపాలు, కుంగుబాటు

అతి ఆలోచన అంటే జరిగిపోయిన సంగతినో, తనలో ఉందనుకున్న లోపాన్నో, పట్టి పీడిస్తున్న దిగులునో మనసులో పదేపదే తిప్పుకుంటూ, ఏ నిర్ణయానికీ రాకుండా, ఏ పనికీ పూనుకోకుండా ఉండిపోయే అలవాటు. వాడుకలో దీన్నే కుమిలిపోవడం, మథనపడటం, మనాది పెట్టుకోవడం అంటారు. ఇది దానంతటది జబ్బు కాదు. అయితే కుంగుబాటు రావడానికి, వచ్చింది ముదరడానికి, తగ్గింది తిరగబెట్టడానికి దోహదం చేసే అలవాట్లలో ఇది ముఖ్యమైనదని మూడున్నర దశాబ్దాల పరిశోధన చెబుతోంది. దీనికి జోడీగా నడిచేది సమస్యను విడదీసి చూసి పరిష్కరించుకోలేకపోవడం. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. రెండూ చాలావరకు నేర్చుకున్న అలవాట్లే కనుక మార్చుకోవడం కూడా సాధ్యమే. చికిత్సా పద్ధతులు అనేకం ఈ పునాది మీదే నిలిచాయి.

విజయవాడ తూర్పున ఉన్న పటమట ఈ విషయాన్ని దగ్గరగా చూడటానికి అనువైన చోటు. ఒకప్పటి పల్లె, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. బందరు రోడ్డుకు అటూ ఇటూ కాలేజీలు, హాస్టళ్లు. పక్కనే లారీల మరమ్మతులకు పేరుపడ్డ ఆటోనగర్. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇక్కడ అపార్ట్‌మెంట్లలో మిగిలిన తల్లిదండ్రులు. బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం. చదువు, అప్పు, ఒంటరితనం అనే మూడు రకాల దిగుళ్లూ ఇక్కడ ఇరుగుపొరుగున కనిపిస్తాయి.

నిర్వచనం

ఎంతసేపు ఆలోచించారన్నది ఇక్కడ కొలమానం కాదు. గంటసేపు ఆలోచించి, రేపు ఉదయం ఫలానా పని చేయాలని తేల్చుకుంటే అది ప్రణాళిక. ఐదు నిమిషాలే ఆలోచించినా మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగి, మనసు మరింత బరువెక్కితే అది అతి ఆలోచన. "ఇప్పుడేం చేయాలి?" అనే ప్రశ్నకు చిన్నదో పెద్దదో ఒక జవాబు ఉంటుంది. "నాకే ఎందుకిలా జరుగుతోంది?" అనే ప్రశ్నకు జవాబుగా మరో ప్రశ్నే వస్తుంది.

రాబోయేదాని గురించి "ఏమవుతుందో ఏమో" అని పడే బెంగ ఆందోళన రుగ్మతల్లో ఎక్కువగా కనిపిస్తుంది. జరిగిపోయినదాని గురించి, తన గురించి పడే మథనం కుంగుబాటుతో ఎక్కువగా ముడిపడి ఉంటుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మథనంలో కూడా రెండు పాయలున్నాయని వెండీ ట్రేనర్, రిచర్డ్ గొంజాలెజ్, సూసన్ నోలెన్-హోక్సెమా 2003లో చూపారు. ఒకటి, ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకోవాలని తనను తాను పరిశీలించుకోవడం. రెండోది, ఉండాల్సిన స్థితితో ఉన్న స్థితిని పోల్చుకుంటూ చేతులు ముడుచుకుని బాధపడటం. మొదటిదాని వల్ల అప్పటికి బాధ కలిగినా కాలం గడిచేకొద్దీ కుంగుబాటు తగ్గింది. రెండోది ఎక్కువగా ఉన్నవారిలో కాలంతోపాటు కుంగుబాటూ పెరిగింది.

కుంగుబాటు అంటే ఒక రోజు మనసు బాగోకపోవడం కాదు. కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండాలి. దానితోపాటు నిద్ర, ఆకలి చెడటం, నీరసం, ఏకాగ్రత తగ్గడం, తాను పనికిరానివాణ్నన్న భావన, అపరాధ భావన, చావు తలపులు వంటివి తోడై రోజువారీ పనులు దెబ్బతినాలి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 28 కోట్ల మంది కుంగుబాటుతో ఉన్నారని 2019 నాటి లెక్కల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మంది పెద్దవారిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనవారే. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

పరిశోధన చరిత్ర

ఈ రంగానికి దారి వేసింది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా (1959–2013). బాధ కలిగినప్పుడు మనిషి దానికి ఎలా స్పందిస్తాడన్నదే ఆ బాధ ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయిస్తుందని ఆమె 1991లో సిద్ధాంతీకరించారు. అందుకు బలమైన ఆధారం అనుకోకుండా దొరికింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మనఃస్థితిని, దిగులు పడే తీరును ఆమె అప్పటికే నమోదు చేసి ఉంచారు. 14 రోజుల తర్వాత, 1989 అక్టోబర్ 17న, ఆ ప్రాంతాన్ని లోమా ప్రియెటా భూకంపం కుదిపేసింది. భూకంపం వచ్చిన పది రోజుల తర్వాత ఒకసారి, ఏడు వారాల తర్వాత మరోసారి అదే విద్యార్థులను మళ్లీ పరిశీలించారు. భూకంపానికి ముందే మథనపడే అలవాటున్నవారు ఏడు వారాల తర్వాత కూడా ఎక్కువ కుంగుబాటుతో ఉన్నారు. ప్రమాదం అందరికీ ఒకటే అయినా కోలుకోవడం ఒకలా లేదు.

సమస్యా పరిష్కారాన్ని ఒక నైపుణ్యంగా చూడటం అంతకుముందే మొదలైంది. 1971లో థామస్ డిజురిల్లా, మార్విన్ గోల్డ్‌ఫ్రైడ్ నిత్యజీవిత సమస్యలను ఎదుర్కొనే పద్ధతిని దశలుగా విడగొట్టి, దాన్ని నేర్పవచ్చని ప్రతిపాదించారు. ఆర్థర్ నెజూ తదితరులు దాన్ని కుంగుబాటుకు చికిత్సగా మలిచారు. ఎంత ప్రయత్నించినా ఫలితం లేదని తెలిశాక ప్రాణి ప్రయత్నమే మానేస్తుందని 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ ప్రయోగాల్లో చూపారు. వక్రీకరించిన ఆలోచనలు కుంగుబాటును నిలబెడతాయని ఏరన్ బెక్ (1921–2021) వివరించారు.

మథనం, సమస్యా పరిష్కారం అనే ఈ రెండు పాయలనూ కలిపింది 1995లో సోన్యా లుబోమిర్‌స్కీ, నోలెన్-హోక్సెమా చేసిన ప్రయోగం. దిగులుగా ఉన్నవారిలో కొందరిని కాసేపు తమ గురించి తాము ఆలోచించుకోమన్నారు. మరికొందరి దృష్టిని వేరే విషయాల మీదికి మళ్లించారు. తర్వాత అందరికీ మనుషుల మధ్య వచ్చే సమస్యలిచ్చి పరిష్కారాలు అడిగారు. మథనపడినవారు చెప్పిన పరిష్కారాలు నాసిగా ఉన్నాయి. దృష్టి మళ్లించుకున్నవారు, అంతే దిగులుతో ఉన్నా, దిగులు లేనివారితో సమానంగా చెప్పగలిగారు. అంటే లోపం తెలివిలో కాదు, ఆ సమయానికి మనసు నడుస్తున్న దారిలో ఉంది.

మథనం కుంగుబాటుగా మారే తీరు

మొదటి దారి జ్ఞాపకాలది. దిగులుగా ఉన్న మనసు దిగులు జ్ఞాపకాలనే తవ్వి తీస్తుంది. అవి కూడా వివరంగా రావు. "ఫలానా రోజు ఫలానా మాట అన్నాను" అని కాకుండా "నేనెప్పుడూ ఇంతే" అని గంపగుత్తగా వస్తాయి. కుంగుబాటు ఉన్నవారిలో, ఆత్మహత్యాయత్నం చేసినవారిలో ఇలాంటి గంపగుత్త జ్ఞాపకాలు ఎక్కువని మార్క్ విలియమ్స్, ఆయన సహ పరిశోధకులు 1986 నుంచి చూపుతూ వచ్చారు. పాత సమస్యను ఎలా గట్టెక్కామో వివరంగా గుర్తులేనప్పుడు కొత్త సమస్యకు దారి తోచదు.

రెండోది పనిది. మథనపడేవారికి పరిష్కారం తెలిసినా ఆచరణలో పెట్టే నమ్మకం తక్కువ. ఇంకా కొంచెం ఆలోచించాలనిపిస్తుంది. ఈలోగా గడువు దాటి, చిన్న సమస్య పెద్దదవుతుంది. ఎక్కువ ఆలోచిస్తే దారి దొరుకుతుందన్న నమ్మకమే చాలామందిని ఆ అలవాటులో నిలబెడుతోందని కోస్టాస్ పాపజార్జియు, ఏడ్రియన్ వెల్స్ 2001లో గుర్తించారు. ఎంత తిరిగినా ఊరు చేరని గానుగెద్దు నడక ఇది. నడుస్తున్నామన్న భ్రమ మాత్రం ఉంటుంది.

మూడోది మనుషులది. అదే గోడు పదేపదే వినలేక అయినవాళ్లు మెల్లగా తప్పించుకుంటారు. ఆ దూరం మళ్లీ మథనానికి మేత అవుతుంది. స్నేహితులు కలిసి ఒకే సమస్యను గంటల తరబడి తవ్వుకోవడం గురించి అమాండా రోజ్ 2002లో రాశారు. అందువల్ల స్నేహం బలపడుతుంది, దిగులు కూడా పెరుగుతుంది. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో "వాడలా ఎందుకన్నాడంటావ్?" అని మొదలై ఒంటిగంటకు అదే ప్రశ్న దగ్గర ఆగే సంభాషణలు ఇలాంటివే.

నాలుగోది నిద్రది. పగలంతా పనిలో పక్కకు పోయిన ఆలోచనలు పక్క మీద వాలగానే చేరతాయి. నిద్ర చెడితే మర్నాడు ఏకాగ్రత తగ్గుతుంది. తగ్గిన ఏకాగ్రత పనిలో పొరపాట్లు తెస్తుంది. ఏ పనీ చేయనప్పుడు, మనసు తన మీదికి తిరిగినప్పుడు చురుకయ్యే మెదడు భాగాల వ్యవస్థను మార్కస్ రెయికల్ బృందం 2001లో వర్ణించింది. కుంగుబాటు ఉన్నవారిలో ఈ వ్యవస్థ పనితీరుకూ మథనానికీ సంబంధం ఉందని తర్వాతి అధ్యయనాలు సూచించాయి.

స్త్రీలలో కుంగుబాటు పురుషులకన్నా ఎక్కువగా కనిపించడానికి మథనపడే అలవాటు ఒక కారణమని నోలెన్-హోక్సెమా భావించారు. దాన్ని స్వభావంగా మాత్రమే చూడకూడదు. నిర్ణయాధికారం చేతిలో లేనివారికి ఆలోచన ఒక్కటే మిగులుతుంది. మరోవైపు, పురుషులు దిగులును మద్యంతోనో కోపంతోనో కప్పిపుచ్చుకోవడం వల్ల వారిలో కుంగుబాటు లెక్కకు రాకుండా పోవచ్చు.

సమస్యా పరిష్కారంలో లోపాలు

డిజురిల్లా, నెజూల విశ్లేషణ ప్రకారం ఇందులో రెండు అంశాలున్నాయి. మొదటిది సమస్య పట్ల దృక్పథం. సమస్యలు అందరికీ వస్తాయి, ఎంతోకొంత చేయగలను అనుకోవడం ఒకటి; సమస్య రావడమే నా చేతకానితనానికి రుజువు అనుకోవడం మరొకటి. రెండో దృక్పథానికి కుంగుబాటుతో గట్టి సంబంధం కనిపించింది.

రెండోది పరిష్కరించే తీరు. ఇక్కడ చెడు అలవాట్లు రెండు. "చూద్దాంలే, ఉగాది వెళ్లనీ" అని వాయిదా వేయడం ఒకటి. బ్యాంకు ఉత్తరం విప్పకుండా బీరువాలో పెట్టడం, ఫైనాన్స్ వాళ్ల ఫోన్ ఎత్తకపోవడం, జవాబు చెప్పాల్సి వస్తుందని పెళ్లిళ్లకు వెళ్లకపోవడం దీని రూపాలు. "ఏదైతే అదే అవుతుంది" అని ముందువెనకలు చూడకుండా తెగించడం రెండోది. అప్పు తీర్చడానికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తేవడం, కోపంలో ఉద్యోగం మానేయడం, పోయిన డబ్బు రాబట్టాలని ఆన్‌లైన్ పందేల్లో మళ్లీ పెట్టడం ఈ కోవలోవి. చూడటానికి ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్నా రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నెలల తరబడి మథనపడి, భరించలేక ఒక్కరాత్రిలో తెగించేవారు ఎందరో.

పటమట, కృష్ణా డెల్టా సందర్భం

చదువులు: 1980ల తర్వాత విజయవాడ ఎంసెట్, ఐఐటీ, మెడికల్ సీట్ల శిక్షణకు పెద్ద కేంద్రమైంది. డెల్టా పల్లెల నుంచి, ఇతర జిల్లాల నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఇక్కడి హాస్టళ్లకు వస్తారు. వీకెండ్ టెస్టు, ర్యాంకుల జాబితా, మార్కులను బట్టి సెక్షన్ మార్పు, మళ్లీ స్టడీ అవర్స్ – వారం ఇలా నడుస్తుంది. మథనం పుట్టడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు: పోలిక ప్రతివారం జరుగుతుంది, ఆలోచించి తేరుకునే ఖాళీ ఉండదు, మాట్లాడే మనిషి ఆదివారం ఫోన్‌లో మాత్రమే దొరుకుతాడు.

ఉదాహరణకు, బైపీసీ చదివే అమ్మాయి ర్యాంకు ఒక్క వారంలో 40 నుంచి 112కు పడిందనుకుందాం. జాబితా ముందు నిలబడ్డ ఆ పిల్ల మనసు రెండు దారుల్లో ఒకటి పట్టవచ్చు. "అంతమందిలో నాకే ఎందుకు తగ్గింది, నాన్న పొలం కౌలుకిచ్చి మరీ ఫీజు కట్టాడు, నేను డాక్టర్నవడం కల్ల" అన్నది ఒక దారి. ఇందులో ప్రతి మెట్టూ ముందుదానికన్నా పెద్దది. ఒక పరీక్ష నుంచి జీవితం దాకా మూడు వాక్యాల్లో చేరుతుంది. "పోయినవాటిలో ఎక్కువ ఫిజిక్స్‌లోనే పోయాయి, వాటిలో సగం ఒకే చాప్టర్‌లోవి, మిగతావి టైమ్ చాలక వదిలేసినవి" అన్నది రెండో దారి. ఇందులో ప్రతి మెట్టూ చిన్నదవుతూ చివరికి బుధవారం సాయంత్రం లెక్చరర్‌ను అడగాల్సిన రెండు లెక్కల దగ్గర ఆగుతుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ వాట్కిన్స్ పరిశోధన తేల్చింది ఇదే: విషయం ఒకటే అయినా "ఎందుకు" అని అమూర్తంగా ఆలోచించినప్పుడు హాని, "ఎలా" అని నిర్దిష్టంగా ఆలోచించినప్పుడు మేలు.

అయితే తప్పంతా పిల్ల ఆలోచనలో వెతకడం న్యాయం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన చక్రపాణి కమిటీ జూనియర్ కాలేజీల పరిస్థితులను పరిశీలించాయి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత కలిగిన కౌన్సెలర్‌ను నియమించాలనీ, మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయరాదనీ, పిల్లలను నలుగురిలో అవమానించరాదనీ అందులో ఉంది. పై ఉదాహరణలోని అమ్మాయి ముందున్న సమస్యలో సగం ఆమె చేతిలో లేనిదేనని ఈ తీర్పు ఒప్పుకున్నట్టయింది.

అప్పులు: ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్లు, లేతు పనివాళ్లు, స్పేర్‌పార్టుల దుకాణాలు, ఒకటి రెండు బండ్ల యజమానులు – అందరి లెక్కలూ కిస్తీలతో ముడిపడినవే. డెల్టా పల్లెల్లో కౌలు రైతుది మరో రకం చిక్కు. పంట వేసేది తను, పాస్‌బుక్ వేరొకరిది. బ్యాంకు అప్పు దొరక్క బయటి వడ్డీకి తెస్తాడు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు కోతకొచ్చిన వరి నేలకొరిగింది. ఇలాంటి నష్టం ముందు పరువు అనే మరో బరువు ఉంటుంది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనన్న ఆలోచన సహాయం అడగనివ్వదు. సమస్య దాచినకొద్దీ ఆలోచన పెరుగుతుంది.

ఒంటరి పెద్దలు: కృష్ణా జిల్లా నుంచి అమెరికా వెళ్లడం తరాలుగా సాగుతోంది. ఇక్కడ మిగిలిన తల్లిదండ్రుల దిగులుకు డబ్బు కారణం కాదు. వీడియో కాల్ రాని రోజున మొదలయ్యే బెంగ, "ఆ రోజు పంపకుండా ఉండాల్సింది" అనే మథనం. అవతలివైపు గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి ఉన్న కొడుకుదీ అదే స్థితి: తన చేతిలో లేనిదాని గురించి రోజూ లెక్కలు వేసుకోవడం.

వరద: 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది. ఇలాంటి విపత్తు తర్వాత మొదటి వారాల్లో అందరికీ దిగులు, నిద్రలేమి సహజం. ఎవరిలో అవి నెలలు దాటి నిలుస్తాయన్నదే అసలు ప్రశ్న. లోమా ప్రియెటా అధ్యయనం చెప్పినదాన్ని బట్టి పునరావాసంలో బియ్యం, పప్పులతోపాటు పాడైన సర్టిఫికెట్లు, బండి ఇన్సూరెన్స్, ఇంటి మరమ్మతు వంటి ఒక్కొక్క చిక్కునూ విడిగా విప్పడానికి పక్కన కూర్చునే మనిషి కూడా అవసరం.

సాహిత్యం, సమాజం

తెలుగులో ఈ మనఃస్థితిని శాస్త్రవేత్తలకన్నా ముందు నవలాకారుడు పట్టుకున్నాడు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ (1910–1962) రాసిన 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరు పొందింది. అందులో సీతారామారావు వంశ ప్రతిష్ఠ కోసం ఆస్తి కరగబెట్టుకుంటాడు, ఏ పనిలోనూ నిలవలేడు, ప్రతిదాన్నీ ప్రశ్నిస్తూ తనను తానే తినేసుకుంటాడు. తెలివిలేక కాదు, ఆ తెలివి ఎన్నడూ చేతల్లోకి దిగకపోవడం వల్ల నాశనమవుతాడు.

పటమటకు దీనికి ఎదురుదిశలో నడిచిన చరిత్ర కూడా ఉంది. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975), సరస్వతి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకు మారింది. జరిగినదానికి కర్మనో దిష్టినో కారణం చేయకుండా నిజమైన కారణం వెతకాలని ఆ కేంద్రం ప్రచారం చేసింది. ఆ కుటుంబ కృషిలోంచే 1969లో వాసవ్య మహిళా మండలి పుట్టింది. గోరా కుమారుడు డాక్టర్ సమరం పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాలపాటు జవాబులిస్తూ, ఎవరికీ చెప్పుకోలేక కుమిలే శరీర, దాంపత్య సందేహాలను బాహాటంగా చర్చకు తెచ్చారు. రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసిన భయాలు అనేకం సరైన సమాచారం అందగానే తీరిపోయేవేనని ఆ శీర్షికలు చూపాయి. మరోవైపు కనకదుర్గమ్మ కొండకో గుణదల మాత దగ్గరికో వెళ్లి మనసు తేలిక చేసుకునేవారూ ఈ ఊరివారే. నలుగురిలోకి వెళ్లడం, ఆలోచన గొలుసు కాసేపు తెగడం మేలే చేస్తాయి. అవి చికిత్సకు బదులుగా నిలిచినప్పుడే చిక్కు.

చికిత్సా పద్ధతులు

సమస్యా పరిష్కార చికిత్సలో దశలు ఐదు: సమస్యను స్పష్టంగా చెప్పుకోవడం, తోచిన దారులన్నీ రాయడం, లాభనష్టాలు తూచడం, ఒకటి ఎంచి చేయడం, ఫలితం చూసుకోవడం. ఆటోనగర్‌లో ఒక లారీ యజమానిని ఊహించుకుని చూస్తే ఇది బోధపడుతుంది. "నా బతుకు బుగ్గయింది" అన్నది గోడు. దానికి పరిష్కారం ఉండదు. "మూడు కిస్తీలు బాకీ, 10వ తేదీలోగా ఒకటైనా కట్టకపోతే బండి లాక్కుపోతారు" అన్నది సమస్య. కాగితం మీద దారులు పడతాయి: ఫైనాన్స్ ఆఫీసుకు తనే వెళ్లి గడువు అడగడం, బావమరిది దగ్గర చేబదులు, చీటీ పాడుకోవడం, ఖాళీగా ఉన్న పాత ఇంజను అమ్మడం, బండే అమ్మేసి డ్రైవరుగా చేరడం. నచ్చనివి కూడా రాయాలి. ఈ దశలో తీర్పు చెప్పకూడదు. చీటీ ఇప్పుడే పాడితే కసరు ఎక్కువ పోతుంది. ఇంజను అమ్మితే ఒక కిస్తీ వస్తుంది, గడువు అడగడానికి ఖర్చు లేదు. సోమవారం ఉదయం ఆఫీసుకు, మధ్యాహ్నం స్క్రాపు కొట్టుకు అని తేలుతుంది. శుక్రవారం మళ్లీ కాగితం తీయాలి. అప్పు తీరలేదు, కానీ ఎత్తని ఫోన్ ఎత్తాడు, ఇంట్లో చెప్పాడు. కుంగుబాటు మీద చికిత్స పనిచేసేది ఈ మలుపు దగ్గరే.

చేతిలో లేని విషయాలకు – చావు, విడాకులు, వీసా – ఈ ఐదు దశలూ నేరుగా పనికిరావు. అక్కడ సమస్యను కాక, దానితో బతికే తీరును మార్చుకోవాల్సి ఉంటుంది. దిగులున్నా సరే ముందు పనులు మొదలుపెట్టించే చికిత్స, "ఎందుకు" నుంచి "ఎలా"కు ఆలోచనను మళ్లించే వాట్కిన్స్ పద్ధతి, ఆలోచనను ఆలోచనగానే చూసి వదిలేయడం నేర్పే ధ్యాన పద్ధతి అందుకు ఉన్నాయి. మధ్యస్థ, తీవ్ర కుంగుబాటులో మందులు కూడా అవసరం కావచ్చు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. వైద్యుణ్ని అడగకుండా మధ్యలో మానకూడదు.

నిపుణులు తక్కువగా ఉన్న దేశాలు ఈ పద్ధతులను మామూలు మనుషుల చేతికిచ్చాయి. జింబాబ్వేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలో 14 మంది పెద్దావిడలకు సమస్యా పరిష్కార పద్ధతి నేర్పి, ఆరోగ్య కేంద్రాల ముందు బల్లల మీద కూర్చోబెట్టారు. అక్కడి షోనా భాషలో కుంగుబాటును అతిగా ఆలోచించడం అనే అర్థమున్న మాటతోనే చెబుతారు. 573 మందితో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల తర్వాత ఈ సాయం పొందినవారిలో దాదాపు 14 శాతం మందిలో, మామూలు సేవలు పొందినవారిలో దాదాపు 50 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో కౌమార వయసువారికి "సమస్య, దారి, చెయ్" అనే మూడు మెట్ల పద్ధతిని పరీక్షించారు. పిల్లలు తామే చెప్పిన సమస్యల తీవ్రత తగ్గింది. మొత్తం మానసిక లక్షణాల్లో మాత్రం ఆరు వారాలకు స్పష్టమైన తేడా రాలేదు.

డెల్టాకు సంబంధించిన ఉదాహరణ పశ్చిమ గోదావరిది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అక్కడి పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్ల దగ్గరికి పంపే ఏర్పాటు చేసింది. మానసిక జబ్బుల మీద ఉన్న చిన్నచూపు పోగొట్టే ప్రచారమూ సాగింది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అవసరమున్నవారిలో వైద్య సహాయం పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. పెరుగుదల పెద్దదే, మిగిలిన దూరం అంతకన్నా పెద్దది.

విమర్శలు, పరిమితులు

అతి ఆలోచన కుంగుబాటు తెస్తుందా, కుంగుబాటే అతి ఆలోచన తెస్తుందా అంటే రెండూ నిజమే. వంశపారంపర్యం, థైరాయిడ్ వంటి శారీరక కారణాలు, ప్రసవానంతర మార్పులు, మద్యం, బాల్యంలో ఎదురైన హింస వంటి కారణాలు ఆలోచనతో సంబంధం లేకుండానే కుంగుబాటుకు దారితీయవచ్చు. క్లిష్ట సమస్యలను విశ్లేషించడానికే ప్రకృతి మనిషికి కుంగుబాటునిచ్చిందని పాల్ ఆండ్రూస్, ఆండర్సన్ థామ్సన్ 2009లో వాదించారు. మథనంలో పరిష్కార శక్తి తగ్గుతోందన్న ప్రయోగ ఫలితాలు ఆ వాదనకు అడ్డు వస్తున్నాయి. సంస్కృతి పాత్ర కూడా ఉంది. రష్యన్లు అమెరికన్లకన్నా ఎక్కువగా మథనపడినా, ఆ మథనంతో ముడిపడిన కుంగుబాటు లక్షణాలు వారిలో తక్కువగా ఉన్నాయని ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ 2010లో నివేదించారు. తమ బాధను బయటి మనిషిలా కొంత దూరం నుంచి చూడటమే దానికి కారణమని వారి వివరణ.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఈ శాస్త్రాన్ని "అతిగా ఆలోచించకు" అనే మందలింపుగా కుదించడం. ఆలోచన ఆపమంటే ఆగదు. ఆపలేకపోయినందుకు మరో అపరాధ భావన చేరుతుంది. "నీకేం తక్కువైందిరా?" అన్న ప్రశ్న ఏ ఇంట్లోనూ ఎవరి దిగులూ తీర్చలేదు. "ఇవాళ ఏ పని నీకు కష్టంగా ఉంది, పద ఇద్దరం చేద్దాం" అన్న మాట తీర్చిన సందర్భాలున్నాయి.

ఎప్పుడు సహాయం తీసుకోవాలి

దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, తిండి, పని దెబ్బతిన్నా, చావు తలపులు ఒక్కసారి వచ్చినా వైద్యుణ్ని కలవాలి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి చికిత్స అందించాలి. కనుక కేసు భయంతో దాచాల్సిన పని లేదు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది చదువుతున్నవారు గానీ, వారికి తెలిసినవారు గానీ ఆ స్థితిలో ఉంటే ఇంకాస్త ఆలోచించి చూద్దామనుకోకుండా ఇవాళే ఆ నంబరుకు ఫోన్ చేయాలి.